ట్రైలర్‌తో పల్నాడు: ముందు నీళ్ళ లెక్క

మీలో చాలామంది అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. "ఎండాకాలం పల్నాడులో క్యాంపింగ్ ట్రైలర్ వేసుకుని తిరగొచ్చా అక్కా?" అని. తిరగొచ్చు. కాకపోతే చూడాల్సిన చోట్ల కంటే ముందు నీళ్ళ లెక్క రాసుకోవాలి.

పల్నాడు ఎడారి కాదు. కానీ మార్చి దాటాక నరసరావుపేట నుంచి పిడుగురాళ్ళ, గురజాల మీదుగా మాచర్ల వెళ్ళి చూడండి. కింద సున్నపురాయి, నాపరాయి. పైన ఎండ. ఎండల వార్తల్లో రెంటచింతల పేరు ఎందుకు వినపడుతుందో అక్కడ బండి దిగితే తెలుస్తుంది.

మేమిద్దరం, కారు వెనక చిన్న ట్రైలర్. దాని ట్యాంకు 60 లీటర్లు, అంటే 60 కిలోల బరువు. బరువంతా తోక వైపు ఉంటే ట్రైలర్ ఊగుతుంది. అందుకే నీళ్ళ క్యాన్లు కూడా ఇరుసుకి దగ్గరగా సర్దుకున్నాం. ట్యాంకు నీళ్ళు గిన్నెలకీ స్నానానికీ. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు రెండు.

బోరు నీళ్ళు కాచుకుంటే సరిపోదా అంటారేమో. పల్నాడులో కొన్ని ఊళ్ళ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. మేం వాటర్ ప్లాంటు దగ్గరే క్యాన్లు నింపుకున్నాం.

రెండో రోజు గురజాల దాటాక, మధ్యాహ్నం రెండింటికి, స్టీరింగ్ మీద ఉన్న మావారికి కళ్ళు తిరిగాయి. "ఏం లేదు, పోదాం పద" అన్నారు. నేను ఒప్పుకోలేదు. వేపచెట్టు కింద ఆపించాను. ట్రైలర్‌లో పడుకోబెట్టలేదు, ఎండలో మూసి ఉన్న డబ్బా అది, పొయ్యిలా ఉంది. చెట్టు కిందే చాప వేసి, మెడకీ చంకలకీ తడి తువ్వాళ్ళు పెట్టి, ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించాను. సగం క్యాను అయిపోయింది. అరగంటకి తేరుకున్నారు. ఆ రోజుకి ప్రయాణం అక్కడితో సరి. మాట తడబడినా, మగతగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా ఇంత సేపు చూడకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

అక్కడే గొర్రెలు తోలుకొచ్చిన పెద్దాయన మా క్యాన్లు చూసి, "కాలువ కిందోళ్ళకి ఎండ ఒక లెక్క, మెరకోళ్ళకి ఇంకో లెక్కమ్మా" అన్నాడు. మర్నాడు నాగార్జునసాగర్ దగ్గర నిలబడితే ఆ మాట అర్థమైంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ పారిన చోట వరి, మిర్చి. కాలువ ఎక్కని మెరకన ఇప్పటికీ వాన కోసం చూపులే. శ్రీనాథుడు ఇక్కడి నీటి ఎద్దడి మీద చాటువులు చెప్పాడని ఊరికే అనుకోరు మరి.

ఇక వెళ్ళేవాళ్ళకి మూడు మాటలు. పొద్దున పదిలోపే బండి నడపండి, సాయంత్రం దాకా నీడ చూసుకుని ఆగండి. ఒక క్యాను మూత తీయకుండా అట్టే పెట్టుకోండి, అది ప్రాణం మీదకొస్తేనే. మాచర్ల దాటాక చాలా చోట్ల పులుల అభయారణ్యం ఉంది, అటవీ శాఖ అనుమతి లేకుండా అడవిలో రాత్రి బస పెట్టకండి.

ఎత్తిపోతల, అనుపు కబుర్లు వచ్చే ఎపిసోడ్‌లో చెప్పుకుందాం. ఉంటానండీ.