చూలాలి నడక



నేటి ప్రసంగ విషయము గర్భిణీస్త్రీల వ్యాయామము. ఇది స్త్రీలకు చెప్పవలసిన మాటగదా, పెద్దలమైన మాతో ఏల యని మీలో కొందఱు అనుకొనవచ్చును. కాని మన పల్లెలలో కడుపుతో నున్న కోడలు ఎంత నడవవలెనో, ఏ బరువు ఎత్తవలెనో, ఎప్పుడు పండుకొనవలెనో తఱచుగా నిర్ణయించునది ఆమె కాదు, ఆ యింటి పెద్దలు. అందుచేతనే మీతో మాటలాడ గోరితిని.

మొదట నా తప్పొకటి చెప్పెదను. చాలకాలము క్రిందట కాలువ యొడ్డు గ్రామము నుండి ఒక పెద్దాయన తన కోడలిని నా యొద్దకు తీసికొని వచ్చెను. ఆమెకు మూడవ నెల. కొంచెము ఎఱ్ఱ కనబడినది. పరీక్షించి, భయము లేదని చెప్పి, చీటిపై "విశ్రాంతి" యని వ్రాసితిని. ఎన్ని దినములో వ్రాయలేదు. నా మనస్సులో నున్నది నాలుగు దినములు మాత్రమే. వారు మర్యాదస్థులు, వైద్యుల మాట జవదాటనివారు. ఆ పిల్లను మంచము దిగనీయలేదు. ఏడవ నెలలో ఎడమకాలు వాచి, పిక్క రాయివలె గట్టిపడి, ఏడ్చుచుండగా బండిలో తెచ్చిరి. కాలి సిరలో నెత్తురు గడ్డకట్టినది. గర్భముతో నున్నపుడు నెత్తురునకు గడ్డకట్టు గుణము సహజముగనే హెచ్చును. కదలక పడియుండుట దానికి తోడైనది. ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోయినచో ప్రాణము దక్కుట కష్టము. పట్నపు ఆసుపత్రికి పంపితిమి. కాన్పు వఱకును, అటుపిమ్మట ఆఱు వారములును దినదినము సూదిమందు పుచ్చుకొనవలసి వచ్చెను. తల్లియు బిడ్డయు దక్కిరి. ఆ పెద్దాయన నన్ను నిందింపలేదు. "మీరు చెప్పినట్లే చేసితిమిగదమ్మా" యని మాత్రము అనెను. నాటినుండి విశ్రాంతి యను మాట వ్రాసినపుడెల్ల ఎంతవఱకో కూడ వ్రాయుచున్నాను.

వైద్యులును ఈ విషయమున పలుమాఱులు అభిప్రాయము మార్చుకొనిరి. 1985లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘమువారు గర్భిణి గుండె నిమిషమునకు 140 సార్లకు మించి కొట్టుకొనరాదనియు, గట్టి శ్రమ 15 నిమిషములు దాటరాదనియు హద్దు పెట్టిరి. 1994లో ఆ హద్దును వారే తీసివేసిరి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు, ఏ యడ్డంకియు లేని గర్భిణి వారమునకు 150 నిమిషములైనను ఒకపాటి శ్రమ చేయవలెనని చెప్పిరి. అనగా వారమునకు అయిదు దినములు, దినమునకు అరగంట నడక. ఇందువలన గర్భస్రావము కలుగదు, నెలలు నిండకయే కాన్పు రాదు. గర్భకాలమున వచ్చు మధుమేహము తగ్గును, ఒళ్లు మితిమీఱి పెరుగదు. ఒకపాటి శ్రమ యనగా నేమి? నడచుచు ప్రక్కవారితో మాటలాడగలుగవలెను, పాట మాత్రము పాడలేకపోవలెను. ఇంతకంటె సులువైన కొలత నేనెఱుగను. ఇదివఱకు అలవాటు లేనివారు పది నిమిషములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకొనవలెను.

నడచినచో కోత తప్పునని కొందఱు ఆశ పెట్టుదురు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60.7 కాన్పులును, ఆంధ్రప్రదేశమున 42.4 కాన్పులును కోతవలననే జరిగినవి. ఇన్ని కోతలకు కారణములు అనేకములు. వానినెల్ల నడక యొక్కటియే తీర్చునని నేను మాట యియ్యను.

"మా కోడలు తెల్లవారినది మొదలు చాకిరీ చేయుచునే యున్నది, ఇక వ్యాయామమెందుకు?" అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. కాని మడిలో గంటల తరబడి వంగి నాటు వేయుటయు, నీళ్లబిందెలు మోయుటయు, ధాన్యపు బస్తా పట్టుటయు వ్యాయామము కాదు, అలసట. వ్యాయామమును ఆమె తనంతట మొదలుపెట్టును, ఒళ్లు వద్దన్నపుడు ఆపివేయును. చాకిరీని ఆపుట ఆమె చేతిలో లేదు. పైగా అదే సర్వేలో మన దేశపు గర్భిణులలో సగమునకు పైగా రక్తహీనులని తేలినది. అట్టి పిల్లకు బరువు తగ్గించి, ఇనుపమాత్రలు మ్రింగించి, కడుపునిండ తిండి పెట్టి, ఆ పిమ్మట నడకమాట యెత్తవలెను. రక్తము మిక్కిలి తక్కువైనచో వైద్యులు చెప్పువఱకు నడకయు వద్దు.

నడువదగిన వేళ చల్లని వేళ. రోహిణీకార్తె యెండలో వద్దు. ఒంటి వేడి మితిమీఱుట, అందునను తొలినెలలలో, బిడ్డకు మంచిది కాదు. పొట్ట ముందుకు వచ్చినకొలది ఒంటి తూకము మాఱును, కీళ్లు వదులగును. కనుక పాచిపట్టిన గట్టులును చెఱువుమెట్లును జాఱుట కనువైన చోట్లు. మూడు నెలలు దాటిన పిమ్మట వెల్లకిల పండుకొని చేయు వ్యాయామములు మానవలెను. పెరుగుచున్న గర్భసంచి గుండెకు నెత్తురు తెచ్చు పెద్దసిరను నొక్కును, అందుచే తల తిరుగును. బోర్లపడి చేయు ఆసనములు చెప్పనే యక్కఱలేదు.

మఱియొకటి కలదు, పెద్దలముందు చెప్పుటకు సంకోచించెడిది. కాన్పులైన స్త్రీలలో ననేకులకు దగ్గినను తుమ్మినను మూత్రము జాఱును. మీ యింటి పెద్దముత్తైదువ పెండ్లిళ్లకు రాననుటకు కారణము బహుశః ఇదియే కావచ్చును. మూత్రమును బిగబట్టునపుడు బిగియు కండరములను బిగించి, అయిదు లెక్కించి, వదలవలెను. ఇట్లు పదిసార్లు, దినమునకు మూడు పర్యాయములు. కూర్చుండియే చేయవచ్చును, ప్రక్కవారికి తెలియదు. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అను అమెరికా వైద్యుడు దీనిని ప్రచారములోనికి తెచ్చెను. చూలాలు ఇప్పుడే అభ్యసించినచో ముందు మేలు.

అందఱికిని నడక తగదు. మాయ గర్భద్వారమును కప్పియున్నవారును, రక్తపుపోటు హెచ్చినవారును, నెలలు నిండకయే నొప్పులు వచ్చినవారును వైద్యుల నడిగి తీఱవలెను. ప్రతి నెల 9వ తేదీన సర్కారు ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితపరీక్ష చేయు ఏర్పాటు 2016 నుండి కలదు. నడచుచుండగా ఎఱ్ఱ కనబడినను, ఉమ్మనీరు కారినను, విడిచి విడిచి నొప్పులు వచ్చినను, ఱొమ్ములో నొప్పి కలిగినను, కన్నులు చీకట్లు క్రమ్మినను, ఒక్క పిక్క మాత్రమే వాచినను ఆగవలెను. "చూతములే" యనక 108 వాహనమును పిలువవలెను.

ఆ పెద్దాయన కోడలు మూడేండ్లకు మఱల గర్భవతియై వచ్చెను. ఈమాఱు మొదటినెలలనుండియే మందు మొదలుపెట్టి, కాలువగట్టున నడువుమని చెప్పి, "అరగంట" యని చీటిపై స్పష్టముగా వ్రాసితిని. పెద్దాయన తానే చేతిగడియారము పెట్టుకొని కోడలి వెనుక నాలుగడుగుల దూరమున దినదినము నడచెనట. వీథివారు నవ్విరట. అరగంట కాకముందే "ఇక చాలునమ్మా" యని ఆగుచుండినది మాత్రము ఆయనయేనని ఆ పిల్ల నాతో చెప్పినది.