గోలకొండ ముట్టడిని చూచి వచ్చుట

సెలవులు వచ్చుచున్నవనగానే మనలో పెక్కుమంది రైలు టిక్కెట్ల మాట తలపెట్టుదురు. పానిపట్టు చూడవలెనని, హల్దీఘాటీ చూడవలెనని పిల్లలు కోరుటయు కద్దు. కోరిక మంచిదే. కాని సైదాబాదు వాసులకు ఒక గొప్ప యుద్ధరంగము నగరమునకు ఆవలి అంచుననే ఉన్నది. గోలకొండకు వెళ్లనివారు మనలో అరుదు. అయినను మనము చూచి వచ్చినది కోటను మాత్రమే, 1687 నాటి ముట్టడిని కాదు.

బయలుదేరునపుడు మన పొరుగుననే ఒక మజిలీ చేయవచ్చును. ఆస్మాన్‌గఢ్ గుట్టమీద ఫ్రెంచి సేనాని రేమండు సమాధి ఉన్నది. 1795లో ఖర్దా వద్ద మహారాష్ట్రులతో జరిగిన యుద్ధమున నిజాం అలీఖాను పక్షమున ఇతని పటాలములు పోరాడినవి. ఇతడు 1798 మార్చిలో మరణించెను. ఆ అక్టోబరులోనే ఆంగ్లేయులు ఆ పటాలములను పోరు లేకుండ నిరాయుధులను గావించిరి.

ఇక గోలకొండ. గైడును కుదుర్చుకొనునపుడే ఒక మాట చెప్పవలెను. అలవాటు చొప్పున అతడు బాలాహిసారు ద్వారము కడ చప్పట్లు చరచి, ఆ ధ్వని కొండపైకి వినబడునని చూపి, మెట్లెక్కించును. తప్పతనిది కాదు, మనమడుగునది అదియే. ఫతే దర్వాజా వెలుపల మొదలుపెట్టుమని అడుగుడు. ముట్టడించినవాని చోట నిలిచి గోడను చూచిననే గాని దాని ఎత్తు మనసున కెక్కదు. ఆ ద్వారమున నేడును బండ్లు తిరుగుచుండును, లోపల జనులు కాపురముందురు. పిల్లల చేయి విడువరాదు.

ఔరంగజేబు సేన అచట ఎనిమిది మాసములకు దగ్గరగా నిలువవలసి వచ్చెను. జూనులో బురుజు క్రింద సొరంగములు త్రవ్వి మందు కూరగా, ఆ ప్రేలుడు వెనుకకు తన్ని వారి సైనికులనే చంపెను. పిమ్మట వానలు, వరద, కరవు. తుదకు సెప్టెంబరు 21 తెల్లవారుజామున అబ్దుల్లాఖాను ద్వారము తెరపించెను. అబ్దుల్ రజాక్ లారీ ఒడలెల్ల గాయములై పడిపోవు వరకు పోరాడెను. గైడులు ఈ ద్రోహమును, ఈ శౌర్యమును చక్కగా చెప్పుదురు. వెలుపల ఆకలితో పోయినవారిని గూర్చి మనమే అడుగవలెను.

దసరా సెలవులు ఈ యాత్రకు అనువైనవి. వేసవిలో ఆ రాళ్లమీద పెద్దలే నిలువలేరు. తెల్లవారకముందే ఇల్లు వదలుట మేలు.

క్రిందటిమారు నా మనుమడు, "మరి ఎవరు గెలిచారు తాతయ్యా?" అని అడిగెను. సాయంకాలము వానిని హిమాయత్‌సాగరు చెంతనున్న కిస్మత్‌పురమునకు తీసికొనిపోతిని. అచట ఖిలిచ్‌ఖాను సమాధి ఉన్నది. ఇతడు మొగలుల సేనాని. కోట ఫిరంగిగుండు తగిలి చేయి పోగా, వైద్యులు ఎముక ముక్కలు ఏరుచుండ కాఫీ త్రాగుచు మాటలాడెనని చరిత్రకారులు వ్రాసిరి. కొలదిదినములకే మరణించెను. ఇతని మనుమడే 1724లో అసఫ్‌జాహీ రాజ్యమును స్థాపించిన నిజాముల్ముల్కు. ఉదయము మేము సమాధి చూచిన రేమండు కొలిచిన నిజాం అలీఖాను ఆయన కుమారుడు.

"ఈయన గెలిచినవాళ్ల వైపేనా?" అనెను మనుమడు. అవునంటిని. తిరిగివచ్చునపుడు దారి పొడవునను వాడు మరి ప్రశ్న వేయలేదు.