క్రెడిట్ కార్డు బాకీ – మన హాజరు పట్టీ

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్ళము. తెలుగులో సభ ముందు నిలబడి మాట్లాడడం మాకు కొంచెం కొత్త. మాటల్లో తప్పులు దొర్లితే మన్నించవలసిందిగా ముందే మనవి చేసుకుంటున్నాము. ప్రతి ఏడూ ఈ వేదిక మీద పిల్లల చదువు గురించే చెప్పేవాళ్ళము. ఈసారి కార్యదర్శి గారు, "మాస్టర్ సాబ్, క్రెడిట్ కార్డు గురించి నాలుగు మాటలు చెప్పండి. మన కుర్రవాళ్ళ జేబుల్లో రెండేసి కార్డులున్నాయి" అన్నారు. మమ్మల్నే ఎందుకు అడిగారో వారికీ తెలుసు, మాకూ తెలుసు. ఆ సంగతి కాసేపట్లో మీకూ తెలుస్తుంది.

మన వీధిలో కిరాణా అంగడి ఉంటుంది గదా. అక్కడ ఉద్దెర ఖాతా ఒకటి ఉంటుంది. ఎవరు ఒకటో తారీఖున కడతారో, ఎవరు ఆ అంగడి ముందు నుంచి పోకుండా పక్క సందులోంచి తిరిగి పోతారో శేఠుకు బాగా తెలుసు. బ్యాంకు మేనేజరుకు మన మొహం తెలియదు, మన తాత పేరు తెలియదు. మరి ఆయన ఎవరిని చూసి అప్పు ఇయ్యాలి? అందుకోసమే 2000వ సంవత్సరంలో మన దేశంలో సిబిల్ అనే సంస్థ ఏర్పడింది. 2005లో ఇందుకు ప్రత్యేకంగా చట్టం వచ్చింది. ఇవాళ ఇట్లాంటి సంస్థలు నాలుగున్నాయి – ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. జనం మాత్రం అన్నిటినీ కలిపి సిబిల్ అనే అంటున్నారు. మనం తీసుకున్న అప్పులు, కట్టిన కిస్తీలు, తప్పిన కిస్తీలు బ్యాంకులు వీటికి పంపుతాయి. అవన్నీ చూసి 300 నుంచి 900 లోపల ఒక మార్కు వేస్తారు. అదే స్కోరు. సాధారణంగా 750 దాటితే బ్యాంకువాళ్ళు కుర్చీ చూపిస్తారు.

మార్కు కన్నా ముఖ్యమైనది దాని వెనుక ఉన్న రిపోర్టు. అది అచ్చం మా బడి హాజరు పట్టీ వంటిది. ఒక్కొక్క కార్డుకు, ఒక్కొక్క అప్పుకు నెలకొక గడి చొప్పున ముప్పయ్యారు నెలల గళ్ళుంటాయి. సకాలంలో కడితే ఆ గడిలో మూడు సున్నాలు. తప్పితే గడువు దాటి ఎన్ని రోజులైందో ఆ అంకె పడుతుంది – 30, 60, 90 అట్లా. తొంభై రోజులు దాటినా కనీస మొత్తం కట్టకపోతే అది మొండి బాకీ లెక్కలోకి పోతుంది. పిల్లవాడు ఒకరోజు బడి ఎగ్గొడితే మేము రేపు అడుగుతాము, ఎల్లుండి మరచిపోతాము. పట్టీ మాత్రం మరువదు.

ఇక మా సంగతి. 2018లో ఒక అబ్బాయి మా స్టాఫ్ రూముకు వచ్చి, ఉద్యోగస్థులకు కార్డు ఉచితం అని ఫారాలు నింపించాడు. మేమూ సంతకం చేసినాము. 2019 రంజాను ముందర ఆ కార్డు మీద ఒక ఫ్రిజ్ కొని, కిస్తీలన్నీ కట్టేసినాము. ఇక బాకీ లేదనుకొని కార్డును బీరువాలో పెట్టినాము. చివరి బిల్లులో మూడు వందల చిల్లర మిగిలిపోయిందని, దాని మీద వార్షిక రుసుము పడిందని మాకు తెలియదు. 2020లో ఫోను నంబరు మారింది. బ్యాంకుకు చెప్పలేదు. బిల్లులు పాత నంబరుకే పోతూ ఉండినాయి. మేము మాత్రం అందరితోనూ, "ఎవరికీ పైసా బాకీ లేని మనిషిమి" అని ఛాతీ మీద చెయ్యి వేసుకొని చెప్పుకునేవాళ్ళము.

2022లో మా అమ్మాయికి బెంగుళూరులో బి.ఎస్సీ నర్సింగు సీటు వచ్చింది. మూడున్నర లక్షల విద్యా ఋణానికి బ్యాంకుకు పోయినాము. నాలుగు లక్షల లోపు విద్యా ఋణానికి ఆస్తి తాకట్టు అడగరు గాని, తల్లో తండ్రో కూడా సంతకం చేసి అప్పులో భాగస్థులు కావాలి. అప్పుడు చూసేది ఆ తల్లి లేక తండ్రి స్కోరును. మేనేజరు గారు మర్యాదస్థుడు. కంప్యూటరు తెర మా వైపు తిప్పి, "మాస్టారూ, మీ మీద తొమ్మిది వేల పైచిలుకు మొండి బాకీ ఉంది" అన్నారు. పక్కన కూర్చున్న అమ్మాయి మెల్లగా, "అబ్బా, మనం ఎవరికి బాకీ?" అని అడిగింది. ఇరవై ఏళ్ళుగా పిల్లలను ప్రశ్నలడిగినవాళ్ళము, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయినాము. మూడు వందల చిల్లర మీద రుసుములు, ఆలస్యపు జుర్మానాలు, వడ్డీ, పన్ను కలిసి అంతైంది.

తర్వాత కార్డు తరఫున వసూలు చేసేవాళ్ళు ఫోను చేసి, "నాలుగు వేలు కట్టండి, సెటిల్ చేసేస్తాము" అన్నారు. మాకు సంతోషమైంది. అదృష్టం కొద్దీ మా పాత శిష్యుడొకడు బ్యాంకులో పని చేస్తున్నాడు. వాడు, "సార్, ఒప్పుకోవద్దు. అట్లా కడితే రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది. అంటే పూర్తిగా కట్టలేదు, బ్యాంకు కొంత వదులుకుందని అర్థం. తర్వాత ఏ బ్యాంకువాడు చూసినా వెనక్కి జరుగుతాడు" అన్నాడు. శిష్యుని దగ్గర పాఠం నేర్చుకొని పూర్తిగా కట్టినాము, బాకీ లేదన్న సర్టిఫికెట్టు తీసుకున్నాము, కార్డు మూయించినాము. అయినా పాత గళ్ళలోని అంకెలు ఒక్కనాటితో పోవు. ఆ ఏడు ఋణం రాలేదు. 2023లో మళ్ళీ అర్జీ పెట్టుకుంటే వచ్చింది. మధ్యలో మొదటి ఏడు ఫీజు ఎట్లా కట్టినామో చివర చెబుతాము.

ఇప్పుడు కార్డున్న సోదరులు గుర్తుంచుకోవలసినవి కొన్ని చెప్పి ముగిస్తాము.

బిల్లులో రెండు అంకెలుంటాయి. ఒకటి మొత్తం బాకీ, రెండోది కనీస మొత్తం. కనీస మొత్తం కడితే హాజరు పట్టీలో తప్పు పడదు, నిజమే. కాని మిగిలిన దాని మీద వడ్డీ నడుస్తుంది. చాలా కార్డుల మీద అది నూటికి నెలకు మూడు, మూడున్నర రూపాయలు. పదివేల బాకీ అలాగే ఏడాది ఉంచితే వడ్డీయే నాలుగు వేల దాకా అవుతుంది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి ఉచిత గడువు కూడా పోతుంది. వడ్డీ విషయంలో మన దీన్ ఏం చెబుతుందో మీకందరికీ తెలుసు. మసాయిల్ ఉలమాలను అడగండి. మేము చెప్పేది లెక్కల మాస్టరు మాట: కార్డు ఉంటే గడువులోగా మొత్తం కట్టండి, లేదా కార్డే వద్దనండి.

ఒకరోజు ఆలస్యమైతే కొంప మునుగుతుందా? మునగదు. 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం గడువు దాటి మూడు రోజులు మించితేనే బాకీ తప్పినట్టు సిబిల్ వంటి సంస్థలకు తెలపాలి, జుర్మానా వెయ్యాలి. కాని ఆ మూడు రోజులను గడువుగా వాడుకోకండి. ఇదివరకు బ్యాంకులు నెలకొకసారి వివరాలు పంపేవి. 2025 జనవరి నుంచి రిజర్వు బ్యాంకు దాన్ని పదిహేను రోజులకు తగ్గించింది. తప్పు త్వరగా ఎక్కుతుంది, దిద్దుబాటూ త్వరగా ఎక్కుతుంది.

ఒక్క తప్పుకు ఇన్ని మార్కులు తగ్గుతాయని మాత్రం ఎవరూ లెక్క కట్టి చెప్పలేరు. ఎంత ఆలస్యం, ఎన్నిసార్లు, ఎంత ఇటీవల – ఇవన్నీ చూస్తారు.

దోస్తు కోసం మీ కార్డు గీకి ఫోను కొనిస్తే, దోస్తు కట్టకపోయినా గైర్హాజరు మీకే. జామీను సంతకం కూడా అంతే.

ఏడాదికొకసారి ఒక్కొక్క సంస్థ నుంచి పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకునే హక్కు మనకుంది. తీసుకోండి, చదవండి. మీది కాని అప్పు కనిపిస్తే ఫిర్యాదు చెయ్యండి. ముప్పై రోజుల్లో సరిచెయ్యకపోతే ఆపై రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని నిబంధన ఉంది. అక్కడా వినకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. వాడని కార్డును బీరువాలో దాచకుండా వ్రాతపూర్వకంగా మూయించండి. బాకీ ఏమీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూయాలి. ఆలస్యమైతే రోజుకు ఐదు వందలు మీకు చెల్లించాలి. అన్నిటికంటే ముందు, ఫోను నంబరు మారితే బ్యాంకుకు చెప్పండి.

మనలో చాలామందికి అసలు స్కోరే లేదు; ఎన్నడూ బ్యాంకు అప్పు తీసుకోలేదు. సిగ్గుపడవద్దు. మొదటిసారి వచ్చినవారిని పాత చరిత్ర లేదన్న ఒక్క కారణంతో త్రోసిపుచ్చరాదని 2025లో స్పష్టంగా చెప్పారు.

చివరి మాట. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అప్పును వ్రాసి పెట్టుకొనడం గురించినదే. మా అమ్మాయి మొదటి ఏడు ఫీజు కోసం ఈ సొసైటీ అరవై వేలు ఖర్జె హసనా ఇచ్చింది. వడ్డీ లేదు, తాకట్టు లేదు, స్కోరు అడగలేదు. సంతకం మాత్రం పెట్టించుకున్నారు. ఆ రిజిస్టరు ఏ సిబిల్‌కూ పోదు. తప్పినా మన మార్కు తగ్గదు. కాని ఆ డబ్బు తిరిగి రాకపోతే, ఇంకొకరి బిడ్డ బ్యాంకులో తలదించుకున్నప్పుడు ఇవ్వడానికి పెట్టెలో ఏమీ ఉండదు. మేము పోయిన ఏడుతో ఆ బాకీ తీర్చినాము. రిజిస్టరులో మా పేరు ఎదుట ఖజానాదారు గారు 'వసూల్' అని వ్రాసి సంతకం చేస్తుంటే, మా అమ్మాయి పక్కనే నిలబడి చూసింది.