మరుగుదొడ్డి పేరిట పోయిన హక్కులు



మైనారిటీ హక్కుల సభలో మరుగుదొడ్ల ప్రస్తావన ఏమిటని కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చును. స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయం మనకు సంబంధించినది కాదని మరికొందరు భావించవచ్చును. అమెరికాలోని రెండు నగరాలలో జరిగిన సంగతులను ముందుగా మీకు నివేదిస్తాను. సంబంధం ఉన్నదో లేదో ఆపైన మీరే నిర్ణయించండి.

మొదటిది టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్. మన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన నగరమది. అక్కడి నగర పాలక మండలి 2014 మే 28న 11 - 6 ఓట్ల తేడాతో సమాన హక్కుల స్థానిక శాసనం ఒకటి ఆమోదించింది. ఉద్యోగంలోను, ఇళ్ల అద్దెల విషయంలోను, హోటళ్లు, దుకాణాలవంటి బహిరంగ స్థలాలలోను 15 కారణాలపై వివక్ష చూపరాదని అది శాసించింది. జాతి, వర్ణం, మతం, పుట్టిన దేశం, వయస్సు, వైకల్యం, గర్భధారణ, సైనిక సేవ మొదలైనవన్నీ ఆ జాబితాలో ఉన్నవి. లైంగికత, లింగ గుర్తింపు అనేవి ఆ 15లో రెండు మాత్రమే. ధార్మిక సంస్థలకు మినహాయింపు సైతం ఇచ్చారు. పేరు వినగానే ‘ఇల్లు ఖాళీ లేదు’ అనిపించుకున్నవాడు నగర కార్యాలయంలోనే ఫిర్యాదు చేసుకొనే వీలు ఆ శాసనం వల్ల కలిగింది. ఆ సౌకర్యం విలువ ఏమిటో ఈ సభలోని వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

వ్యతిరేకులు ఆ 15 కారణాల జోలికి పోలేదు. ఈ శాసనం ఉంటే పురుషులు స్త్రీల మరుగుదొడ్లలో ప్రవేశిస్తారని ఒకే మాట పట్టుకొన్నారు. ఒక బాలిక వెంట మగవాడు మరుగుదొడ్డిలోకి దూరినట్లు టెలివిజన్‌లో ప్రకటనలు వేశారు. వ్యవహారం టెక్సస్ సుప్రీంకోర్టు వరకు వెళ్లి, చివరకు ప్రజల ఓటుకు వచ్చింది. 2015 నవంబర్ 3న దాదాపు 61 శాతం ఓటర్లు శాసనాన్ని తిరస్కరించారు. రెండు కారణాలపై భయం పుట్టించగా 15 రక్షణలూ ఒక్కసారిగా కూలిపోయాయి. అందులో మతం కూడా ఉన్నది. స్త్రీలపై దౌర్జన్యం ఆ శాసనానికి ముందూ నేరమే, శాసనం ఉన్నపుడూ నేరమే, పోయిన తరువాతా నేరమే. ఆ ఓటువల్ల స్త్రీలకు అదనంగా దక్కిన రక్షణ ఏమీ లేదు.

రెండవది నార్త్ కరోలినాలోని షార్లెట్. 2016 ఫిబ్రవరి 22న ఆ నగర మండలి ఇటువంటి రక్షణలనే ఆమోదించింది. ఏప్రిల్ 1 నుండి అమలు కావలసి ఉండగా, మార్చి 23న రాష్ట్ర శాసనసభ ఒక్కరోజులోనే ‘హౌస్ బిల్ 2’ తెచ్చింది, గవర్నర్ ఆనాటి రాత్రే సంతకం చేశారు. ప్రభుత్వ భవనాలలో, పాఠశాలలలో జనన ధ్రువపత్రంలోని లింగాన్నిబట్టే మరుగుదొడ్డి వాడవలెనన్నది అందరికీ తెలిసిన భాగం. తక్కిన భాగాలను చదివినవారు తక్కువ. నగరాలు స్వంతంగా వివక్ష నిరోధక శాసనాలు చేసుకొనే అధికారాన్ని ఆ చట్టం తొలగించింది. కనీస వేతనాలు పెంచే అధికారాన్నీ తొలగించింది. అంతేకాక జాతి, మతం కారణంగా ఉద్యోగం పోగొట్టుకున్నవారు రాష్ట్ర కోర్టులో దావా వేసే హక్కును కూడా తీసివేసింది. ఆ హక్కును తిరిగి ఇచ్చినది జూలైలో. 2017 మార్చిలో ‘హౌస్ బిల్ 2’ రద్దయినా, నగరాల చేతులు మాత్రం 2020 డిసెంబర్ వరకు కట్టివేసే ఉంచారు.

దశాబ్దాలపాటు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాడిని. ఉత్తర్వు శీర్షికలో ఒకటి, ఏడవ పేరాలో మరొకటి ఉండడం నాకు కొత్త కాదు. ఆ చట్టానికి మరుగుదొడ్డి శీర్షిక మాత్రమే. దెబ్బ తగిలినవారిలో మతపరమైన మైనారిటీలూ ఉన్నారు.

అనుమానాన్ని శాసనంగా మార్చిన చరిత్ర మన నేలకూ ఉన్నది. నిజాం పాలనలో 1329 ఫస్లీ, అనగా 1919లో, హిజ్రాలపై ఒక చట్టం వచ్చింది. బ్రిటిష్‌వారి 1871 నాటి నేరస్థ జాతుల చట్టమే దానికి మాతృక. నగరంలోని హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వారు స్త్రీల దుస్తులతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండానే నిర్బంధించే అధికారాన్ని అది ఇచ్చింది. తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది 2023 జూలై 6న. నూరేళ్లకు పైగా ఆ చట్టం పుస్తకాలలో ఉండిపోయింది. పాతబస్తీ హిజ్రాలలో ముస్లింలుగా జీవిస్తున్నవారు ఎందరో ఉన్నారు. వారిని ‘పరాయి సమస్య’ అని తోసిపుచ్చడం మనకు సాధ్యం కాదు.

ఇక రెండు అభ్యంతరాలు. ధర్మం దీనిని అంగీకరించదు కదా అన్నది మొదటిది. ధర్మాధర్మ చర్చ ఉలమాలది, అందులో నేను తలదూర్చను. నేనడిగేది పౌరహక్కును గురించి. ఎదుటివాని జీవన విధానాన్ని మెచ్చినవాడే అతనికి హక్కు ఇవ్వవలెననే నియమం వస్తే, ఆ నియమం ముందుగా అమలయ్యేది మనపైనే. మన ఆహారాన్ని, మన దుస్తులను, మన ప్రార్థనను మెచ్చనివారు ఈ దేశంలో తక్కువేమీ లేరు.

రెండవది మన స్త్రీల మరుగు, మర్యాద. ఈ ఆందోళన న్యాయమైనదే. దానికి జవాబు నిషేధంలో లేదు, నిర్మాణంలో ఉన్నది. లోపల గడియ పడే తలుపు, దీపం, నీరు, కాపలా మనిషి, ఎవరైనా వాడుకొనగల ఒంటరి గది ఒకటి. నేడు మన బస్టాండ్లలో ఇవి కరవై, బురఖా ధరించిన తల్లి పడే ఇబ్బందీ, హిజ్రా పడే ఇబ్బందీ ఒకే చోట మొదలవుతున్నవి.

మనకు చట్టపు ఆధారం ఉన్నది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు వేరుగా ప్రజా మరుగుదొడ్లు ఏర్పాటు చేయవలెనని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ప్రభుత్వాలను ఆదేశించింది. ప్రజలందరికీ ఉన్న సౌకర్యాలను వారికి నిరాకరించరాదని 2019 నాటి చట్టం చెప్పింది. సంస్థలలో మరుగుదొడ్లు రెండేళ్లలో కల్పించవలెనని 2020 నాటి నియమాలు గడువు కూడా పెట్టాయి. ఆ ఉత్తర్వు మీ పురపాలక కార్యాలయంలో ఏ బల్లవద్ద ఆగినదో అడగడం మన పని.

కావున ఈ సభకు నా ప్రతిపాదన. ప్రతి పట్టణ శాఖ తమ బస్టాండు, ప్రభుత్వాసుపత్రి, రైతుబజారులోని మరుగుదొడ్లను స్వయంగా చూసి లెక్క రాయాలి. సమాచార హక్కు చట్టం కింద ఒక్క దరఖాస్తు పెట్టాలి: 2020 నియమాల ప్రకారం ఏమి కట్టారు, ఎంత ఖర్చు చేశారు? జవాబు వచ్చిన తరువాత కమిషనర్‌కు ఇచ్చే వినతిపత్రంపై స్త్రీల సంఘాలు, వికలాంగుల సంఘాలు, హిజ్రాల ప్రతినిధులు మనతో కలిసి సంతకం చేసేటట్లు చూడాలి.