వాహన తరుగుదల – పింఛనుదారులు తెలుసుకోవలసిన సంగతులు

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి చెబితే అందరూ చెవులు రిక్కించి వింటారు. "తరుగుదల" అనగానే ఇది వ్యాపారస్తుల గొడవ గదా అని కొందరు కాఫీ వైపు చూస్తున్నారు. కాని మనలో బీమా ఏజెన్సీ చేస్తున్నవారున్నారు. ఇంజనీరింగ్ శాఖలో రిటైరై ఇళ్లకు ప్లానులు, ఎస్టిమేట్లు వేసి ఇస్తున్నవారున్నారు. గ్రాట్యుటీ సొమ్ముతో కొడుక్కి టాక్సీ కొనిచ్చినవారూ ఉన్నారు. కనుక ఇది మన ఇళ్లలోని విషయమే.

వ్యాపారానికి వాడే బండి ఏటికేడు అరిగిపోతుంది, విలువ తగ్గుతుంది. ఆ తగ్గుదలను ఖర్చుగా చూపుకొనుటకు 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 32వ సెక్షన్ వీలు కల్పించింది. 2026 ఏప్రిల్ 1 నుండి ఆ చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం. సెక్షన్ల సంఖ్యలు మారినా మూలసూత్రం అదే. మనకు అలవాటైన పాత సంఖ్యలు, పాత చట్టం క్రింది రేట్లతోనే చెబుతాను.

సొంత వ్యాపారానికి వాడుకొనే కారుకు, స్కూటరుకు ఏటా 15 శాతం. అద్దెకు తిప్పే టాక్సీ, బస్సు, లారీలకు 30 శాతం. మొదటి ఏడు అసలు ధర మీద, ఆ తరువాత మిగిలిన విలువ మీద లెక్క వేయాలి. 8,00,000 రూపాయల టాక్సీకి మొదటి ఏడు 2,40,000 తరుగుదల. మిగిలినది 5,60,000. రెండవ ఏడు దాని మీద 1,68,000. అప్పుడు మిగిలేది 3,92,000. బండి అప్పు మీద కొన్నా తరుగుదల పూర్తి ధర మీదనే వస్తుంది. అప్పు మీది వడ్డీ వేరే ఖర్చు. కాని కట్టే అసలు వాయిదా ఖర్చు కాదు.

కొన్న సంవత్సరంలో బండి వాడకం 180 రోజులకు తక్కువైతే సగం తరుగుదలే వస్తుంది. అక్టోబరు మొదటి వారం దాటాక దసరాకో, దీపావళికో మంచిరోజు చూసి కొన్న బండికి ఆ ఏడు 15కు బదులు ఏడున్నర శాతమే. మిగతా సగం పోదు, తరువాతి సంవత్సరాలలో కలిసివస్తుంది.

ఇక ముఖ్యమైన మాట. తరుగుదల వ్యాపార ఆదాయం నుండి తీసివేయవలసినది, పింఛను నుండి కాదు. చట్టం దృష్టిలో పింఛను జీతమే. ఏజెన్సీ కమీషను 80,000 వచ్చి, ఖర్చులూ తరుగుదలా కలిసి 1,00,000 అయితే, ఆ 20,000 నష్టాన్ని పింఛనులో సర్దుబాటు చేయడానికి వీల్లేదు. మిగిలిపోయిన తరుగుదలను మాత్రం రాబోయే సంవత్సరాలకు తీసుకొని వెళ్లవచ్చు.

"మీ కారు మీద తరుగుదల చూపి పింఛనులో కోసిన పన్నంతా రీఫండు తెప్పిస్తాం, అందులో మాకింత" అనేవారు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. వారి మాట నమ్మవద్దు. ఇటువంటి తప్పుడు మినహాయింపులు రాయించే మధ్యవర్తులపై 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా సోదాలు జరిపింది. తప్పుడు లెక్క తేలితే పన్నుకు రెండింతల జరిమానా పడవచ్చు. నోటీసు వచ్చేది రిటర్ను మీద పేరున్నవారికే గాని, నింపి ఇచ్చినవానికి కాదు.

రెండవ మాట. ఒకే కారులో పాలసీదారుల ఇళ్లకూ వెళతాం, తిరుపతికీ వెళతాం. వ్యాపారానికి వాడిన పాలుకు మాత్రమే తరుగుదల. 6,00,000 రూపాయల కారుకు 15 శాతమంటే 90,000. వాడకంలో 60 పాళ్లు ఏజెన్సీకైతే, చూపదగినది 54,000. ఆ 60 ఎలా వచ్చిందని అడిగితే జవాబుండాలి. ఒక నోటుబుక్కులో తేదీ, ఎక్కడికి, ఏ పని మీద, ఎన్ని కిలోమీటర్లు అని రాసుకోండి. ముప్పై ఏళ్లు రిజిస్టర్లు రాసిన చేతులు మనవి. ఇదేమీ కష్టం కాదు.

మూడవది, బండి ఎవరి పేర ఉన్నది? సొంతదారు ఒకరు, వ్యాపారం మరొకరిదైతే క్లెయిముకు చిక్కులు వస్తాయి. కొడుకు టాక్సీ నడుపుకొనేటట్లయితే సొమ్ము అతని ఖాతాకు పంపి, బండి అతని పేరనే కొనిపించండి. తండ్రి కొడుక్కిచ్చే కానుకకు పన్ను లేదు. బండి ధర నగదుగా చెల్లించవద్దు. ఒక రోజులో ఒక వ్యక్తికి 10,000 రూపాయలు మించి ఇచ్చిన నగదు ధరలో లెక్కకు రాదు. పాత బండ్లు కొనేవారు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

నాలుగవది, అంచనా పద్ధతి. చిన్న వ్యాపారులు 44ఎ.డి. క్రింద, ఇంజనీర్లవంటి వృత్తులవారు 44ఎ.డి.ఎ. క్రింద రాబడిలో ఇంత శాతం లాభమని చూపితే, తరుగుదల అందులోనే కలిసిపోయినట్లు. మళ్లీ వేరుగా అడగరాదు. కమీషను ఆదాయానికి 44ఎ.డి. వర్తించదు, కనుక బీమా ఏజెంట్లు లెక్కలు రాసుకోక తప్పదు. వారికి సహజ్ ఫారం కూడా చెల్లదు.

చివరిది, అమ్మకం. ఇంట్లో వాడుకొనే కారు అమ్మితే లాభం మీద పన్ను లేదు. తరుగుదల తీసుకొన్న బండి అలా కాదు. నేను చెప్పిన టాక్సీని 3,92,000 విలువ వద్ద 4,50,000కు అమ్మి, వేరే బండి లేకపోతే, 58,000 స్వల్పకాలిక లాభంగా పన్నుకు వస్తుంది. "అయితే తరుగుదలే అడగను" అందామా? అదీ కుదరదు. 2000లో సుప్రీంకోర్టు మహేంద్ర మిల్స్ కేసులో తరుగుదల తీసుకోవడం పన్నుదారు ఇష్టమన్నది. 2001 ఫైనాన్స్ చట్టం దానిని మార్చి, అడిగినా అడగకపోయినా తరుగుదల లెక్కించవలసిందే అన్నది. అంటే అడగకుండా ఊరుకొంటే విలువ ఎలాగూ తగ్గుతుంది, నష్టపోయేది మనమే.

కనుక నిజంగా వ్యాపారానికి బండి వాడుతుంటే మొగమాటం లేకుండా అడగండి, అది మీ హక్కు. వాడకుంటే ఎవరెంత ఆశ చూపినా సంతకం పెట్టవద్దు. కొన్న బిల్లు, ఆర్.సి., బ్యాంకు పాసుబుక్కు, కిలోమీటర్ల నోటుబుక్కు ఒకే ఫైలులో ఉంచి, ఆ ఫైలు ఎక్కడున్నదో ఇంట్లోవారికి చెప్పి ఉంచండి. రేపు అవసరం పడితే వెతుక్కోవలసింది వారే.