చచ్చిన గొర్రెకు కత్తి పెట్టకూడదు

దొమ్మ రోగం (ఆంత్రాక్స్) బాసిల్లస్ ఆంత్రాసిస్ అనే బాక్టీరియా వల్ల వస్తుంది. ఇది బాసిల్లేసీ కుటుంబంలోది, కడ్డీ ఆకారంలో ఉంటుంది. కళేబరాన్ని కోయకుండా ఉంచితే, లోపలి కుళ్లుకే ఈ క్రిమి కొద్ది రోజుల్లో చాలావరకు నశిస్తుంది. గాలి తగిలితే మాత్రం గట్టి పొర కట్టుకుని సిద్ధబీజంగా మారుతుంది. ఇక దాన్ని ఎండా వానా ఏమీ చేయలేవు. 1942లో స్కాట్లాండ్ దగ్గర గ్రునార్డ్ దీవిలో బ్రిటన్ ఈ బీజాలతో ప్రయోగాలు చేసింది. 1986లో ఆ నేలను ఫార్మాల్డిహైడ్ కలిపిన సముద్రపు నీటితో తడిపాకే, 1990లో అక్కడ ప్రమాదం లేదని ప్రకటించగలిగారు. చచ్చిన గొర్రెను కోయకూడదనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

తొలకరి వానలకు మట్టి కదిలి పాత బీజాలు పైకి తేలుతాయి. గొర్రె గడ్డిని మొదలంటా కొరుకుతుంది కనుక మట్టితో పాటు అవీ నోట్లోకి పోతాయి. సాయంత్రం బాగా మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. ముక్కు నుంచి, ఆసనం నుంచి నల్లటి నెత్తురు కారుతుంది. ఒళ్లు బిగుసుకోదు.

ఒక పల్లెలో ఇలాగే జరిగింది. కడుపులో ఏమైందో చూద్దామని కాపరి మంద పక్కనే ఒక బండ మీద గొర్రెను కోశాడు. మాంసం నాలుగిళ్లకు పోయింది. పశువైద్యుడు చేరేసరికి మధ్యాహ్నం. బండ మీద నెత్తురు అప్పటికీ గడ్డకట్టలేదు, తారులా నల్లగా ఉంది. మిగిలిన తలకాయ చెవి నుంచి ఒక చుక్క తీసి గాజుపలక మీద పూసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూశారు. నీలం కడ్డీలు గొలుసులుగా కనిపించాయి, వాటి చుట్టూ గులాబీ రంగు తొడుగు. మాంసం తిన్నవాళ్లను ఆ పూటే ఆసుపత్రికి పంపారు. నాలుగో రోజు కాపరి మణికట్టు మీద చీమ కుట్టినట్టు దురద, ఆపైన పొక్కు, దాని నడుమ బొగ్గులాంటి పెచ్చు. ఆంత్రాక్స్ అనే పేరు గ్రీకులో బొగ్గుకున్న మాట నుంచే వచ్చింది. నొప్పి లేదని అతడు వారం రోజులు పట్టించుకోలేదు. మందులతో కోలుకున్నాడు. మరుసటి ఏడు తొలకరికి, అదే బండ చుట్టూ మేసిన రెండు గొర్రెపిల్లలు చనిపోయాయి. ఒక్క కత్తిగాటు పెట్టకపోయి ఉంటే ఆ బండ దగ్గర నేల చెడేది కాదు.

విశాఖ మన్యంలోనూ మనుషులకు ఈ రోగం సోకిన సందర్భాలున్నాయి. తోలు వలవడం, మాంసం పంచడం, కుక్కలకు వేయడం, ఏదైనా కోతతోనే మొదలవుతుంది. అందుకే కోయకూడదు.

రోగం వచ్చే ఊళ్లలో ఏటా వానలకు ముందు టీకా వేయించాలి. అందులో ఉండేవి బతికున్న బీజాలే, కాబట్టి ఆ రోజుల్లో యాంటీబయాటిక్ ఇస్తే టీకా పనిచేయదు. కళేబరాన్ని పూర్తిగా కాల్చాలి, లేదా చెరువుకూ బావికీ దూరంగా ఆరడుగుల లోతున పూడ్చాలి. ఈడ్చుకుపోకూడదు. నెత్తురు పడిన మట్టినీ గడ్డినీ దానితో పాటే వేయాలి.

మందలో గొర్రె ఉన్నట్టుండి చచ్చిపోతే, కత్తి తీయకముందే పశువైద్యశాలకు కబురు పెట్టాలి. 1962 నంబరుకు ఫోన్ చేసినా సంచార పశువైద్య వాహనం వస్తుంది.