పెళ్లి పనుల జాబితాలో లేని రెండు లెక్కలు



మన ఇళ్లలో పెళ్లి కుదిరిందంటే ముందుగా తయారయ్యేది పనుల జాబితా. శుభలేఖలు, బట్టలు, బాజాభజంత్రీలు, పంతులుగారు చెప్పిన సామగ్రి అన్నీ అందులో ఉంటాయి. ఉండనివి రెండు. వండిన పదార్థం ఎంతసేపు ఆగింది? ఒక్క తీగ మీద ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి? ఇవి ఫలానావారి పని అని ఎవరూ అప్పగించరు. అందుకే మరుగున పడతాయి. వీటిని తేల్చడానికి మీ పాఠ్యపుస్తకాల్లోని లెక్కలే చాలు.

మొదట భోజనం సంగతి చూద్దాం. ఉదయం 7 గంటలకు అన్నం వార్చి రాశి పోశారనుకోండి. ముహూర్తం 11 గంటలకు. చివరి పంక్తి కూర్చునేసరికి ఒంటిగంట. మధ్యలో ఆరు గంటలు గడిచాయి. సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆహారంలో బ్యాక్టీరియా పెరుగుతాయి. అనుకూల పరిస్థితుల్లో కొన్ని రకాలు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఆరు గంటల్లో 18 సార్లు. అంటే ఒక్క కణం 2,62,144 కణాలవుతుంది.

మళ్లీ వేడి చేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. అన్ని సందర్భాల్లోనూ సరిపోదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు అన్నం ఉడికే వేడిని కూడా తట్టుకుంటాయి. అన్నం చల్లారుతున్నప్పుడు అవి మొలకెత్తి పెరుగుతాయి. అప్పుడు తయారయ్యే, వాంతులు కలిగించే విషపదార్థం తిరిగి వేడి చేసినా నశించదు. పులిహోర ప్రయాణాల్లో నిలవడానికి చింతపండులోని ఆమ్లం తోడ్పడుతుంది. పప్పుకు, పాయసానికి ఆ రక్షణ లేదు. కనుక పంక్తులను బట్టి విడతలుగా వండించాలి, లేదా 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంచాలి.

మిగిలిన భోజనాన్ని సాయంత్రం అనాథాశ్రమానికి పంపడం మనకు అలవాటు. ఉద్దేశం మంచిదే. కాని పొద్దుటి వంటను సాయంత్రం తినేది చిన్నపిల్లలు. ముందుగానే మాట్లాడి పెట్టుకుని, వేడి తగ్గకముందే పంపితేనే అది దానమవుతుంది.

రెండోది విద్యుత్తు. 500 వాట్ల హాలోజన్ దీపాలు ఎనిమిదింటికి 4000 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే సుమారు 17 ఆంపియర్లు. ఇళ్లలో ఉండే మామూలు సాకెట్ సామర్థ్యం 6 ఆంపియర్లే. తీగలో పుట్టే వేడి విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ప్రవాహం మూడు రెట్లయితే వేడి తొమ్మిది రెట్లు. వదులుగా చుట్టిన అతుకు దగ్గర నిరోధం ఎక్కువ కనుక అక్కడ వేడి మరీ ఎక్కువ. పైన ఎండిన ఆకుల పందిరి ఉంటే ఏమవుతుందో ఊహించండి.

2004 జనవరి 23న తమిళనాడులోని శ్రీరంగంలో పెళ్లి జరుగుతుండగా పందిరికి నిప్పంటుకుని, పెళ్లికొడుకుతో సహా 50 మందికి పైగా మరణించారు. అందుకే బయటకు వెళ్లే దారుల్లో కుర్చీలు, పూల తెరలు అడ్డం లేకుండా చూడాలి.

ఈసారి మీ ఇంట్లో పెళ్లి జరిగితే ఈ రెండు లెక్కలూ మీరు తీసుకోండి. ఏ గుండిగ ఎన్ని గంటలకు దించారో వంటవారిని అడిగి కాగితం మీద రాయండి. ఏ తీగ ఎన్ని ఆంపియర్లు మోయగలదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. హడావుడిలో పెద్దలు విసుక్కోవచ్చు. అయినా మర్యాదగా మరోసారి అడగండి.

సెలవు.